పార్వతమ్మ చెప్పిన ఏళ్ళు

పార్వతమ్మకు కుళ్ళు ఎక్కువని ముప్పాళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. ఆమె కూడా చెబుతుంది. నా కొట్టు అరుగు మీద కూర్చుని వక్కపలుకు కొరుకుతూ "నాకు కుళ్ళేనే, లేదన్నానా?" అని మొహం మీదే అంటుంది. మిగతావాళ్ళం అదే కుళ్ళును కడుపులో దాచుకుని పైకి నవ్వుతూ తిరుగుతాం. ఆమెకు ఆ ఓపిక లేదు, అంతే తేడా. ఆమెతో స్నేహం కాబట్టి నేను వెనకేసుకొస్తున్నానని కొందరు అనుకోవచ్చు. అనుకోనివ్వండి.

నాది కిరాణా కొట్టు. సత్తెనపల్లి వెళ్ళే రోడ్డు మీద ఒక మిరపకాయల షెడ్డుంది. దానికి ఆడవాళ్ళను తీసుకెళ్ళే ఆటోలు తెల్లారగానే నా కొట్టు ముందే ఆగుతాయి. వాళ్ళు అక్కడ రోజంతా ఎండుమిరపకాయల తొడిమలు తీస్తారు, రంగుపోయి తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కన పోస్తారు. చేతులకు నూనె రాసుకున్నా మంట ఆగదు, ముక్కుకు గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగవు. ఆ ముఠాకు మేస్త్రి పార్వతమ్మ. ఎవరు పనిలోకి రావాలో, ఎవరు ఏ కుప్ప దగ్గర కూర్చోవాలో ఆమే చెప్పాలి. షెడ్డు యజమాని కూలి డబ్బులు కూడా ఆమె చేతికే ఇచ్చేవాడు, ఆమె అందరికీ పంచేది. ఆమెతో పేచీ పెట్టుకున్న మనిషికి ఆ సీజన్ అంతా పని లేనట్టే.

మేస్త్రి క్యారియర్లో అన్నం ఒక్కటే ఉంటుంది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పగానే ప్రతి మనిషీ తన కూరలో కాస్త మేస్త్రి మూతలో వెయ్యాలి. గోంగూర, దోసకాయ, ఎండుచేపలు, ఎవరింట్లో ఏది ఉంటే అది. ఎవరి కూర ముందు తిన్నదో, ఎవరిది పక్కకు నెట్టిందో చూసి ఆ రోజు మేస్త్రికి ఎవరిమీద దయ ఉందో, ఎవరిమీద లేదో తెలుసుకునేవాళ్ళు. ఇది పార్వతమ్మ పెట్టిన ఆనవాయితీ కాదు. ఆమెకు ముందు మేస్త్రిగా ఉన్న ఖాతూన్ బీ నాటి నుంచీ నడుస్తోంది.

ఆ ఖాతూన్ బీయే పార్వతమ్మను పనిలో పెట్టింది. పార్వతమ్మ మొగుడు పున్నయ్య కాలు ట్రాక్టరు కింద నలిగి మంచంలో పడ్డాడు. పిల్లలు చిన్నవాళ్ళు. పార్వతమ్మ గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే ఖాతూన్ బీ వచ్చి, "ఏడుపు తర్వాత ఏడుద్దువుగానీ, ముందు పనికి పద" అని చెయ్యి పట్టుకుని లేపిందట. తొడిమ ఎలా తీస్తే గోరు నొవ్వదో నేర్పింది. కొన్నేళ్ళకు మిరపఘాటుకు ఖాతూన్ బీ ఊపిరితిత్తులు పాడై, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. అప్పుడు ముఠాను పార్వతమ్మకు అప్పగించి ఇంట్లో కూర్చుంది. ఆ రోజు సంగతి పార్వతమ్మ ఇప్పటికీ చెబుతుంది. "అంతమంది ఉండంగా నా చేతిలోనే పెట్టింది" అంటుంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా లేస్తుంది.

తర్వాత ఖాతూన్ బీ కొడుకు వసీంకు నరసరావుపేట నుంచి పెళ్ళాం వచ్చింది. పేరు అల్ఫియా. వసీం బైకుల మెకానిక్కు. అల్ఫియా ఇంటర్ చదివిన పిల్ల, మాట మెత్తన. కొన్నాళ్ళు చూసి ఖాతూన్ బీ కోడల్ని పార్వతమ్మ దగ్గరకు పంపింది. "దీన్ని నీ పక్కన కూర్చోబెట్టుకో పార్వతీ" అని కబురు చేసింది. పార్వతమ్మ కాదనలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని, తను నేర్చుకున్నదంతా నేర్పింది. అదే వారంలో నా కొట్టుకొచ్చి బెల్లం కొంటూ అసలు సంగతి బయటపెట్టింది.

"కోడలొచ్చిందే. ఇంక మేస్త్రీతనం మళ్ళీ వాళ్ళింటికే పోద్ది, చూస్తుండు."

"ఆ పిల్ల తొడిమలు తీసుకోడానికొచ్చింది, నీ మేస్త్రీతనం తీసుకోడానికి కాదు" అన్నాను.

"నీకేం తెలుసు? నువ్వు ఉప్పూ పప్పూ అమ్ముకునేదానివి."

అల్ఫియా ఏం చేసినా పార్వతమ్మకు కళ్ళు కుట్టేవి. ఎవరికైనా ఫోన్లో బ్యాంకు మెసేజ్ వస్తే అల్ఫియా చదివి చెప్పేది. ఎవరి గ్యాసు బుకింగ్ అయినా ఆమే చేసి పెట్టేది. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఒకళ్ళిద్దరు ఆమె పక్కకు జరిగారు. జరిగినవాళ్ళ పేర్లు సాయంత్రానికల్లా నాకు చేరేవి.

పోయిన పోలి పాడ్యమి నాడు, మేమంతా అరటి దొప్పల్లో దీపాలు వదిలి వచ్చిన రోజే, దేశంలో కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయని టీవీలో చెప్పారు. మాకెవరికీ పట్టలేదు. మిరపకాయలు కోతకొచ్చి షెడ్డు నిండేవేళకు ఆ చట్టం ముప్పాళ్ళకు కూడా వచ్చింది. షెడ్డు యజమాని రామబ్రహ్మం గారు పార్వతమ్మను పిలిచి సంగతి చెప్పాడు. పనిచేసే ప్రతి మనిషికీ ఆ మనిషి పేరు మీదే నియామక పత్రం ఇవ్వాలట. జీతం ఎవరి ఖాతాలో వాళ్ళకే వెయ్యాలట. నలభై దాటినవాళ్ళకు ఏడాదికోసారి ఉచితంగా డాక్టరు పరీక్షలు చేయించాలట. ఆయనకు కూలీలమీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకురాలేదు, ఆడిటరు భయపెట్టాడు. ఆడిటరు అందరినీ ఈరోజే కొత్తగా చేరినట్టు రాసెయ్యమన్నాడు కూడా. రామబ్రహ్మం గారి కోడలు, ఆఫీసు చూసుకునే తేజస్వి మాత్రం ఒప్పుకోలేదు. ఎన్నేళ్ళ పని ఉంటే అన్నేళ్ళూ రాయాలి, రేపు వాళ్ళు మానేటప్పుడు గ్రాట్యుటీ లెక్క దానిమీదే ఉంటుంది, అబద్ధం రాస్తే మనమే ఇరుక్కుంటాం అంది.

రామబ్రహ్మం గారు కరోనా ఏడు తండ్రి పోయాకే షెడ్డు చేతికి తీసుకున్నాడు. "ఎవరు ఎప్పట్నుంచి ఉన్నారో నాకేం తెలుసమ్మా? మేస్త్రి చెబితే రాసుకో" అన్నాడు.

ఆ పరిశ్రమలో పద్ధతే అది. ఎవరు ఎప్పుడు చేరారన్నదానికి మేస్త్రి నోటి మాటే సాక్ష్యం. అవి రాసుకునే రోజు పార్వతమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. వెళ్ళి చూస్తే ఆఫీసులో తేజస్వి పక్కన కుర్చీలో, ఫ్యాను కింద, అల్ఫియా కూర్చుని ఉంది. ఆధార్ కార్డులు ఫోనుతో ఫొటోలు తియ్యడానికి తేజస్వే పిలిచిందట. అన్నేళ్ళలో పార్వతమ్మను ఆ ఆఫీసులో ఎవరూ కూర్చోమనలేదు, కూర్చోవాలని ఆమెకూ తోచలేదు. ఆ క్షణం నుంచి ఆమెకు ఆ కుర్చీ తప్ప ఇంకేమీ కనిపించలేదని ముఠాలో పాతమనిషి పుల్లమ్మ నాకు చెప్పింది. ఆ గదిలో జరిగిందంతా నాకు పుల్లమ్మ ద్వారానే తెలిసింది.

అయినా పార్వతమ్మ తన పని చక్కగా చేసింది. ఒక్కొక్కళ్ళూ వచ్చి నిలబడుతుంటే, తడుముకోకుండా చెప్పింది. "పుల్లమ్మ రాష్ట్రం విడిపోయిన ఏడు చేరింది. ఈమె మొన్నటి కృష్ణా పుష్కరాలప్పుడు. ఇది కరోనా ఏడు, ఊళ్ళన్నీ మూసేసినాక మళ్ళీ తెరిచినప్పుడు." ఒకామె మధ్యలో కాన్పుకని ఏడాది మానేస్తే, ఆ ఏడాది కూడా కలిపే చెప్పింది. తమ ఏళ్ళు ఒకరి నోటి నుంచి బయటికి వినడం ఆ ఆడవాళ్ళకు అదే మొదలు. కొందరు కళ్ళు తుడుచుకున్నారట. ఎవరికీ ఒక్క సీజన్ తగ్గించలేదు.

చివరికి తేజస్వి, "అల్ఫియాది కూడా చెప్పండి" అంది.

పార్వతమ్మ కుర్చీ వంక చూసింది. "ఈ ఏడే" అంది.

ఆ పిల్ల మిచాంగ్ తుఫాను వచ్చిన ఏడు చేరిందని అందరికీ తెలుసు. తడిసిన కాయలు ఆరబోసిన రోజులు ఎవరు మరిచిపోతారు? పుల్లమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. మేస్త్రి మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ ముఠాలో లేదు. అల్ఫియా తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ ఫోనులోకి తల వంచింది. కాసేపయ్యాక, "నీది చెప్పు పిన్నీ" అంది.

పార్వతమ్మ ఒంటికాలి మీద లేచింది. "నా ఏళ్ళు నువ్వు అడిగేదేందే? నేను మేస్త్రిని. నన్ను అయ్యగారు విడిగా పిలిచి రాసుకుంటారు. కూలోళ్ళ వరసలో నిలబడతానా?"

బయటికొచ్చేసింది. విడిగా ఎవరూ పిలవలేదు. రామబ్రహ్మం గారికి అది గుర్తున్నదో లేదో కూడా అనుమానమే. పత్రాలు వచ్చిన రోజు సాయంత్రం ఆటో దిగిన ఆడవాళ్ళంతా నా కొట్టు ముందు నిలబడి ఒకరివి ఒకరు చూసుకున్నారు. పుల్లమ్మ దానికి లామినేషన్ చేయిస్తానంది. పార్వతమ్మ వెనక ఆటోలోంచి దిగి, ఎవరి వంకా చూడకుండా ఇంటికి పోయింది. క్యారియర్లో అన్నం అన్నంగానే ఉందని పున్నయ్య తర్వాత చెప్పాడు. పత్రాలు చూసుకునే సంబరంలో ఆ రోజు ఆమె మూతలో కూర వెయ్యడం అందరూ మరిచిపోయారట. కావాలని చేసింది కాదు. మరిచిపోవడమే ఆమెకు ఎక్కువ నొప్పి.

మర్నాడు అల్ఫియాను తాలు కుప్ప దగ్గర కూర్చోబెట్టింది. దుమ్మంతా అక్కడే. ఆ మర్నాడూ అక్కడే. మూడో రోజు తేజస్వి వచ్చి, ఇకమీదట తాలు కుప్ప దగ్గర అందరూ వంతులవారీగా కూర్చోవాలని చెప్పి వెళ్ళింది. పార్వతమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం ఇంటింటికీ తిరిగి, "రేపు ఎవరూ ఆటో ఎక్కొద్దు. మేస్త్రి లేకపోతే షెడ్డు ఎట్టా నడుస్తదో చూద్దాం" అని చెప్పింది. అందరూ తలూపారు.

తెల్లారి ఆటోలొచ్చాయి. పార్వతమ్మ చేతులు కట్టుకుని నా అరుగు మీద నిలబడింది. ఆడవాళ్ళు క్యారియర్లు పట్టుకుని వచ్చారు. కాసేపు అటూ ఇటూ చూశారు. తర్వాత ఒకామె తల వంచుకుని ఎక్కింది. ఆమె వెనక ఇంకొకామె. ఎక్కేటప్పుడు ఒక్కరూ అరుగు వైపు చూడలేదు. అందరికన్నా చివర పుల్లమ్మ మిగిలింది.

"నువ్వు కూడానా?" అంది పార్వతమ్మ.

"కాగితం మీద నా పేరుంది వదినా. రాకపోతే నాదే పోద్ది. ఇంతకుముందంటే నీ పేరు మీద పోయేవాళ్ళం, నీ పేరు మీద ఆగేవాళ్ళం" అంటూ పుల్లమ్మ కూడా ఎక్కింది.

ఆటోలు పోయాక చాలాసేపు పార్వతమ్మ అక్కడే నిలబడింది. నేను టీ ఇస్తే తాగలేదు. "దాని మొహం చూశావా? లోపల కూర్చుని ఎంత సంబరపడుతుందో" అంది. అల్ఫియా మొహం నేను చూశాను. అందులో సంబరం ఏమీ లేదు. చెప్పినా వినే స్థితిలో పార్వతమ్మ లేదు కాబట్టి ఊరుకున్నాను.

ఆమె అలిగి ఇంట్లో కూర్చుంటే పున్నయ్య మాత్రం ఊరుకోలేదు. "అలిగినోళ్ళను బతిమాలడానికి అక్కడ అత్తారిల్లు లేదు, షెడ్డుంది" అన్నాడట. నెలాఖరుకు రామబ్రహ్మం గారి కబురు రానే వచ్చింది. జీతాలు ఖాతాల్లో పడుతున్నాయి, పత్రం లేని మనిషిని గేటు దాటనివ్వడం కుదరదు, ఎప్పటి నుంచి చేస్తోందో చెప్పేవాళ్ళను తీసుకొచ్చి పత్రం రాయించుకోమను అని. మేస్త్రి మాటే సాక్ష్యం అన్న పద్ధతిలో మేస్త్రి గురించి ఎవరు సాక్ష్యం చెప్పాలో ఎవరూ ఆలోచించలేదు. తన గురించి తను చెప్పుకుంటే చెల్లదు కదా.

"ఖాతూన్ బీని అడగరాదూ?" అన్నాను.

"ఆ గడప నేను తొక్కను. ఆమె కోడలికి ఏళ్ళు కోసేసి ఏ మొహం పెట్టుకుని తొక్కేది?" అంది. అలా అనేసి, "నువ్వు రావే, నువ్వు చెబుదువుగానీ" అంది.

వెళ్ళాం. తేజస్వి లాప్‌టాప్ తెరిచింది. అల్ఫియా పక్కనే ఉంది. రామబ్రహ్మం గారు, "నాన్న ఉంటే చెప్పేవాడు. నేనొచ్చేసరికే నువ్వున్నావు, అంతకుముందు నాకు తెలీదు" అన్నాడు. పుల్లమ్మను పిలిపించారు. తను చేరేసరికే వదిన మేస్త్రి అంది. నన్నడిగారు. నేను ఈ ఊరికి కాపురానికి వచ్చేసరికే ఆమె ఆటో ఎక్కుతోందని చెప్పాను. అది పుల్లమ్మ చేరడానికి కొద్దిగా ముందు, అంతే. నాకు అబద్ధం చెప్పాలనే అనిపించింది, కానీ తేజస్వి ఏయే ఏడో వివరంగా అడుగుతోంది.

"అయితే మీరు చెప్పిన ఏడు నుంచే రాస్తాను" అంది తేజస్వి నాతో.

పార్వతమ్మకు పున్నయ్య మంచంలో ఉన్న ఏళ్ళు, పిల్లల్ని పెంచిన ఏళ్ళు, ఖాతూన్ బీ పక్కన కూర్చున్న ఏళ్ళు, అన్నీ పోయాయి. అవి చెయ్యలేదన్నట్టే. అల్ఫియా ఫోను తీసుకుని వరండాలోకి లేచి వెళ్ళింది. పార్వతమ్మ నా చెవిలో, "చూశావా, నా పరువు పోతుంటే దానికి ఫోన్లో ముచ్చట్లు" అంది.

తేజస్వి టైపు చేసి, ప్రింటు తీసే ముందు రామబ్రహ్మం గారికి చూపిస్తోంది. అప్పుడు బయట బైకు ఆగింది. వసీం ముందు, వెనక ఖాతూన్ బీ. ఆమె ఇల్లు కదిలి ఎన్నాళ్ళయిందో. అల్ఫియా పరుగున వెళ్ళి దింపింది. మూడు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది ఆ ముసలామె. తేజస్వి లేచి తన కుర్చీ ఇచ్చింది. కూర్చుని, ఊపిరి అందాక, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది.

"పుష్కరాల ఏడు దీన్ని నేనే చెయ్యి పట్టుకుని తెచ్చా. మొన్నటి పుష్కరాలు కాదమ్మా, అంతకుముందువి. దీని మొగుడి కాలు పోయిన ఏడు. ఒక్క సీజను మానలా. నేను దీనికి ముందు మేస్త్రిని, నా మాట రాసుకో."

తేజస్వి మామగారి వంక చూసింది. ఆయన తలూపాడు. ఆమె రాసింది. పార్వతమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది, కళ్ళు కిందికి. అయిపోయిందనుకుని నేను కొంగు సర్దుకున్నాను.

"మరి మా పిల్లకు ఎన్నేళ్ళు చెప్పావే పార్వతీ?" అంది ఖాతూన్ బీ.

"అత్తా, అదంతా అయిపోయింది, పోదాం పద" అంది అల్ఫియా గబుక్కున. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదని అప్పుడర్థమైంది నాకు.

"ఉండవే. నేను పంపిన పిల్లకు మేస్త్రి ఏం చెప్పిందో నా చెవులతో వినాలిగా."

పుల్లమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పార్వతమ్మ ఖాతూన్ బీని చూసింది, అల్ఫియాను చూసింది.

"తుఫాను ఏడు. మిచాంగ్ తుఫాను. నేనే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించా" అంది.

తేజస్వి తలెత్తింది. "మొన్న ఈ ఏడే అన్నారు కదా?"

"కుళ్ళుకొద్దీ అన్నా. మార్చి రాసుకో."

ఖాతూన్ బీ కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. "మంచిది" అని లేచింది. లేస్తూ చెయ్యి చాచింది. పార్వతమ్మ అడుగు ముందుకు వేసింది, కానీ ఆ చెయ్యి అప్పటికే అలవాటుగా అల్ఫియా భుజం మీద పడింది. కోడలి భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, ఆ ముసలామె బైకు దగ్గరకు నడిచింది.

తేజస్వి పత్రం ఇస్తే పార్వతమ్మ తీసుకుని, చూడకుండానే మడిచింది. వరండాలోకి వచ్చి ఆ ఇద్దరి వంకే చూస్తూ నిలబడింది. ఆమెకు దక్కాల్సిన ఏళ్ళన్నీ చేతిలోనే ఉన్నాయి.

"అన్నేళ్ళు ఆమె వెనకాలే తిరిగానే. ఒక్కనాడన్నా నా భుజం మీద అట్టా చెయ్యేసి నడిచిందా?"